నిమిషానికి 40 చుక్కలు

చేపల తొట్టిలో నీళ్లు మార్చడం ఏమంత పని అని అనుకునేవారు మా కోడుమూరులో ఒక్క వేసవి గడిపి చూడాలి. ఊరి పక్కనే హంద్రీ నది ఉంది. 2009 అక్టోబరు 2న ఈ హంద్రీయే తుంగభద్రతో కలిసి కర్నూలు పట్టణాన్ని ముంచింది. అదే నదిని ఏప్రిల్ నెలలో చెప్పులు తడవకుండా దాటవచ్చు. గోనెగండ్ల వైపు గాజులదిన్నె జలాశయం ఉంది, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు తుంగభద్ర దిగువ కాలువ ఉంది. అయినా కుళాయి వచ్చే గంట కోసం వీధిలో బిందెలు వరుసలో కూర్చునే రోజులు మాకు ఏటా తప్పవు. వాన మొహం చాటేసిన సంవత్సరం ఇళ్లకు తాళాలు వేసుకొని గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోయే కుటుంబాలు మన సంఘాలలో ఎన్ని ఉన్నాయో పాస్టరు అయ్యగార్లకు తెలుసు.

ఇలాంటి ఊళ్లో గాజు తొట్టి పెట్టుకొని చేపలు పెంచుతున్నామంటే నలుగురూ నాలుగు మాటలు అనడంలో తప్పు లేదు. ఒక గురువారం స్త్రీల సమాజం కూడిక అయిన తరువాత మా ఎదురింటి వదిన నా ముఖం మీదనే అడిగింది.

"ఏం వదినా, మనుషులకే నీళ్లు లేక సస్తాంటే, నువ్వు చేపలకు బిందెలకు బిందెలు పోస్తాండావంట?"

ఆమె ఓర్వలేక అడిగిన మాట కాదు. ఆ ఉదయం ఆమెకు రెండు బిందెలే దొరికాయి. దావీదు దాహపడి బేత్లెహేము గవిని దగ్గరి బావి నీళ్లు కోరినప్పుడు, ముగ్గురు ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆ నీళ్లను త్రాగలేక ప్రభువు సన్నిధిని పారబోసిన సంగతి మనకు తెలుసు (2 సమూయేలు 23). బిందె పట్టుకొని గంటసేపు ఎండలో నిలబడిన స్త్రీకి ఆ భాగము ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. అయితే సంఖ్యాకాండము 20వ అధ్యాయము కూడా ఉన్నది. బండలోనుండి నీళ్లు వచ్చినప్పుడు సమాజముతోపాటు పశువులు కూడా త్రాగాయి. ఆ లెక్కలో మూగజీవులను దేవుడు విడిచిపెట్టలేదు. ఈ రెండు అధ్యాయాల మధ్య నా 50 లీటర్ల తొట్టిని ఎక్కడ ఉంచాలో ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చాను.

తొట్టి మా ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా వారు లెక్కల మాస్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటు మాట కూడా పోయింది. చాలామందికి మాటకు సంబంధించిన భాగం మెదడులో ఎడమవైపు ఉంటుంది, శరీరపు కుడి సగాన్ని నడిపేదీ ఆ వైపే. అందుకే ఈ రెండూ తరచు కలిసి పోతాయి. నేను నర్సుగా పనిచేసిన దానను, ఇలాంటి రోగులను ఎందరినో చూశాను. కాని మన మంచంమీద మన మనిషి పడుకొని ఉంటే తెలిసిన సంగతి కూడా కొత్తగానే ఉంటుంది. నాన్నకు రోజంతా చూడడానికి సున్నం గోడ తప్ప ఏమీ లేదని మా అబ్బాయి కర్నూలు నుండి ఈ తొట్టి తెచ్చి మంచం పక్కన బల్లమీద పెట్టాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అడుగున గులకరాళ్లు వేసి, పైన కొంచెం వెలితి ఉంచి పోస్తే 50 లీటర్లు పడుతుంది.

చేపల విషయంలో మేము ఆశకు పోలేదు. మన వైపు బోరు నీళ్లు చవుడు, కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. అలాంటి నీళ్లలో గప్పీలు, మోలీలు హాయిగా బ్రతుకుతాయి. మెత్తని నీళ్లు కోరే రంగురంగుల చేపలను తెచ్చి వాటిని ఇక్కడ బాధపెట్టడం కంటే మన నీళ్లకు తగినవి తెచ్చుకోవడం మంచిది. కొనుక్కునే ప్యూరిఫైడ్ వాటర్ పోస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఆ నీళ్లలో ఉప్పులు దాదాపు తీసివేస్తారు. గప్పీలకు, మోలీలకు ఆ ఉప్పులు కొంత కావాలి.

అసలు నీళ్లు ఎందుకు మార్చాలి? పైకి తేటగానే కనిపిస్తాయి గదా! చేప తిన్న తిండిలోని మలినం ఎక్కువ భాగం అమ్మోనియాగా మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. అది చేపకు విషం. గులకరాళ్లమీద, ఫిల్టరు స్పాంజిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరిగి దానిని మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ జీవులు కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అందుకే కొత్త తొట్టిలో మొదటి రోజే గుప్పెడు చేపలు వేస్తే ఒక్కటొక్కటే తేలిపోతాయి. నైట్రేటు అమ్మోనియా అంత విషం కాదు గాని, అది ఎక్కడికీ పోదు. రోజురోజుకూ చేరుతూనే ఉంటుంది. పాత నీళ్లు కొంత బయటికి తీసి కొత్తవి పోయడమే దానికి మార్గం.

ఇక్కడ మన ఎండల సంగతి ఒకటి ఉంది. మే నెలలో మా తొట్టినుండి రోజుకు లీటరు దాకా ఆవిరైపోతుంది. తగ్గిన మేరకు పోసి, నీళ్లు మార్చామని అనుకునేవారు ఉన్నారు. ఆవిరిగా పోయేది నీరు మాత్రమే. ఉప్పు, సున్నం, నైట్రేటు తొట్టిలోనే ఉంటాయి, పోసిన ప్రతి లీటరూ ఇంకొంచెం ఉప్పు తెస్తుంది. ఇలా ఆరు నెలలు గడిస్తే గాజుమీద తెల్లని చారలు పడతాయి, చేపలు మందగిస్తాయి. నీళ్లు పోసినంత మాత్రాన చాలదు, తీయాలి కూడా.

తీయడమే నాకు కష్టమైంది. వారానికి 20 లీటర్లు మార్చాలంటే 20 కిలోలు బయటికి మోసి, 20 కిలోలు లోపలికి మోయాలి. నా మోకాళ్ల సంగతి చెప్పను, నా వయసు సహోదరీలు ఊహించుకోగలరు. పైగా బకెట్టుతో ఒక్కసారిగా పోస్తే నీళ్ల వేడిమి ఒక్కసారిగా మారుతుంది, చేపలు ఒక మూల చేరి బిగుసుకుంటాయి. పంచాయతీ నీళ్లలో బ్లీచింగు పొడి వాసన ఉన్న రోజున అదే పెద్ద గండం.

ఒక మధ్యాహ్నం మా వారి మంచం పక్కన కూర్చొని ఉండగా, ఆసుపత్రినుండి వచ్చిన రోజుల్లో సెలైన్ సీసా తగిలించిన మేకు ఇంకా గోడకు కనబడింది. రోగికి ఒక్క గుక్కలో ఎక్కించకూడని దానిని మేము ఏం చేస్తాము? చుక్కలుగా ఎక్కిస్తాము. నా ఉద్యోగమంతా చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టడంలోనే గడిచింది. పెద్దవారికి మామూలుగా వాడే సెలైన్ సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, ప్యాకెట్టుమీదనే అచ్చు వేసి ఉంటుంది. నిమిషానికి 40 చుక్కలు పెడితే 2 మిల్లీలీటర్లు. గంటకు 120. రోజుకు 2 లీటర్ల 880. ఏడు రోజులకు 20 లీటర్ల పైన ఒక గ్లాసు. అంటే మంచినీళ్లకు వాడే 20 లీటర్ల డబ్బా ఒకటి పెడితే సరిగ్గా వారం వస్తుంది. ఆ లెక్క కాగితంమీద వేసి మా వారికి చూపించాను. ఆయన ఎడమచేతితో కాగితం తీసుకొని చాలాసేపు చూసి తల ఊపారు. లెక్కల మాస్టరు సరే అన్నారు గనుక పని మొదలుపెట్టాను.

మా సంఘంలో మిరప, టమాటా పెట్టే తమ్ముడొకరు ఈ మాట విని పొలంలోని డ్రిప్పర్లు నాలుగు తెచ్చి ఇచ్చాడు. "వీటికంటే ఏం కావాలక్కా?" అన్నాడు. డ్రిప్పు సేద్యం గొప్పదే. ఇశ్రాయేలు దేశంలో సిమ్ఖా బ్లాస్ అనే ఇంజనీరు, కారుతున్న గొట్టం పక్కనున్న చెట్టు మిగతావాటికంటే ఏపుగా పెరగడం చూసి దీని గురించి ఆలోచించాడట. 1965లో హత్సెరీమ్ అనే ఊరివారు అతనితో కలిసి ఈ డ్రిప్పర్ల తయారీకి పూనుకున్నారు. ఆ ఊరు బెయేర్షెబా దగ్గర, అబ్రాహాము బావి త్రవ్వించిన చోటికి కూతవేటు దూరం అనవచ్చు. మన రాష్ట్రంలో 2003లో సూక్ష్మసేద్య పథకం వచ్చిన తరువాత మన మెట్ట రైతులకు కూడా అందింది. కాని పొలం డ్రిప్పరు గంటకు 4 లీటర్లు వదులుతుంది. రోజుకు 96 లీటర్లు! నా తొట్టిని దాదాపు రెండుసార్లు కడిగేస్తుంది. పైగా దానికి మోటారు ఒత్తిడి కావాలి, గోడమీది డబ్బాకు అది సరిగా పలకదు. తమ్ముడి మనసు నొచ్చుకోకుండా వాటిని మునగచెట్టు దగ్గర వాడతానని ఉంచుకున్నాను.

కొత్త సెలైన్ సెట్టు ఒకటి మందుల షాపులో కొన్నాను. ఆసుపత్రిలో వాడి పారేసినవి ఎవరూ తెచ్చుకోవద్దు, అది చేపలకే కాదు, ముట్టుకున్న మనకూ ప్రమాదం. 20 లీటర్ల డబ్బాకు అడుగునుండి రెండంగుళాల పైన కాల్చిన మేకుతో చిన్న రంధ్రం చేయించి, సైకిలు ట్యూబు ముక్కను వాషరుగా పెట్టి, సెట్టు మొన దూర్చి, చుట్టూ ఎమ్‌సీల్ పూశాము. డబ్బాను భుజం ఎత్తులో గోడకు కొట్టిన గట్టి బల్లమీద పెట్టాము. ఇంత ఎత్తు చాలు. ఇంకా పైన పెడితే నింపడానికి నేను ఎక్కలేను.

డబ్బాలో నీళ్లు తగ్గేకొద్దీ చుక్కలు కూడా నెమ్మదిస్తాయి. సోమవారం 40 ఉన్నవి శనివారానికి 30 కావచ్చు. దీనికి ఉపాయం కనిపెట్టినది ఫ్రాన్సు దేశపు మఠాధికారి ఒకాయన, పేరు ఎద్మ్ మారియోత్, 1684లో చనిపోయాడు. డబ్బా మూతను గాలి చొరకుండా బిగించి, మూతగుండా ఒక సన్నని గొట్టాన్ని లోపలికి, అడుగున ఉన్న రంధ్రానికి రెండు వేళ్లు పైదాకా దించాలి. గాలి ఆ గొట్టంలోనుండే లోపలికి రావాలి గనుక, పైన నీళ్లు ఎంత ఉన్నా ఆ గొట్టం కొన దగ్గరి ఒత్తిడి ఒకేలా ఉంటుంది. చుక్కలు చివరిదాకా ఒకే వేగంతో పడతాయి. గాజు సెలైన్ సీసాలు ఉన్న రోజుల్లో గాలి సూది గుచ్చకపోతే చుక్క ఆగిపోయేది, పాత నర్సులకు జ్ఞాపకం ఉంటుంది. ఇది దాని తోబుట్టువే.

నీళ్లు లోపలికి వస్తే సరిపోదు, అంతే నీరు బయటికి పోవాలి. గాజుకు రంధ్రం చేయిస్తే నిశ్చింత. కొత్తగా తొట్టి చేయించుకునేవారు ముందే పెట్టించుకోవాలి. మాది తయారై వచ్చింది గనుక వేరే దారి చూశాను. మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ల గొట్టం అందరూ చూసిందే, రెండు కొనల్లో నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. తొట్టి పక్కన ఒక ప్లాస్టిక్ సీసాను కట్టి, నీళ్లు నిండిన గొట్టం ఒక కొన తొట్టిలో, రెండవ కొన సీసాలో ముంచాను. తొట్టిలో నీరు ఎంత ఎత్తున ఉండాలో సీసాకు అంత ఎత్తున ఒక బెజ్జం పెట్టి, అక్కడినుండి ఇంకొక గొట్టాన్ని కిటికీలోనుండి పెరట్లోకి వదిలాను. తొట్టిలో ఒక చెంబు పెరిగితే సీసాలోనుండి ఒక చెంబు పోతుంది. పెరగకపోతే ఆగుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. మన వేసవి కోతలకు ఇది అడ్డంపడదు. చేప పిల్లలు కొట్టుకుపోకుండా లోపలి కొనకు పాత పట్టు గుడ్డ కట్టాను.

దీనికున్న బలహీనత కూడా చెప్పాలి. నీరు ఇంత మెల్లగా కదిలేటప్పుడు గొట్టం వంపులో గాలి బుడగలు చేరి ఒక్కోసారి ధార తెగుతుంది. అందుకే తొట్టి పైఅంచుకు రెండంగుళాలు ఖాళీ ఉంచాను. అందులో 9 లీటర్లు పడతాయి, అంటే మూడు రోజుల చుక్కలు. ఆలోగా ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ చూడకపోయినా డబ్బాలో ఉన్నది 20 లీటర్లే, ఇల్లు మునగదు. కొందరు ఇంటిమీది ట్యాంకుకే నేరుగా గొట్టం కలుపుతారు. అది నాకు ఇష్టం లేదు. ఒక రాత్రి పొరపాటు జరిగితే ట్యాంకు నీళ్లన్నీ నేలపాలు, మన ఊళ్లో అది పాపం కూడా.

డబ్బాలో పోసే నీళ్లను వెడల్పు బకెట్టులో మూత లేకుండా ఒక రాత్రి, ఒక పగలు ఉంచుతాను. బ్లీచింగు ఘాటు పోతుంది. తరువాత చెంబుతో కొంచెం కొంచెంగా నింపుతాను, మోత లేదు. బకెట్టుతో ఒకేసారి 20 లీటర్లు మారిస్తే పాత నీళ్లు 30 లీటర్లే మిగులుతాయి. చుక్కలతో అయితే కొత్త నీళ్లు కూడా కొంత బయటికి పోతాయి గనుక పాతవి 33, 34 లీటర్లు మిగులుతాయి. కొద్దిగా నష్టమే. ఆ నష్టానికి బదులుగా చేపలకు ఉలికిపాటు లేదు, నాకు మోకాళ్ల నొప్పి లేదు.

నేను లెక్కవేసుకోనిది ఇంకొకటి జరిగింది. సెలైన్ సెట్టులో చుక్కలు పడే చిన్న గాజులాంటి గది మా వారి కళ్లకు ఎదురుగా ఉంటుంది. నాలుగైదు రోజులు ఊరకే చూశారు. తరువాత ఎడమచేతి వేలితో మంచం పట్టెమీద చుక్కకు ఒక దెబ్బ కొట్టడం మొదలుపెట్టారు. నేను గడియారం చూస్తే నిమిషానికి 38. చక్రం కొంచెం తిప్పాను. 40 అయింది. ఆయన వేలు ఆపి నా వంక చూశారు. బడిలో పిల్లవాడు లెక్క సరిగా చేసినప్పుడు చూసే చూపు అది, రెండేళ్లకు చూశాను. ఇంకో పది రోజులకు ఒక తెల్లవారుజామున ఆయన గొంతు వినబడి లేచాను. "పదకొండు, పన్నెండు, పదమూడు..." అని లెక్కపెడుతున్నారు.

ఇది అద్భుతమని నేను సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పలేదు, చెప్పను. మాట పోయిన రోగులు కూడా చిన్ననాటినుండి వరుసగా నోటికి వచ్చిన వాటిని, అంకెలను, వారాల పేర్లను, పాటలను పలకగలగడం వైద్యులకు తెలిసిన విషయమే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాతవి కొన్ని మేము అందుకుంటే ఆయన గొంతు కలుపుతారు, కాని దాహమైతే "నీళ్లు" అని అడగలేరు. మన పిల్లలు ఎంతమంది అని అడిగితే ఇద్దరు అనే మాట నేటికీ రాదు. ఒకటి, రెండు అని వేళ్లు ముడిచి అక్కడ ఆగుతారు. అయినా ఇంట్లో ఆయనకు ఒక పని దొరికింది. చుక్క నిదానించినా ఆగినా స్టీలు గ్లాసును చెంచాతో కొడతారు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు కొట్టారు. లేచి చూస్తే సెట్టులో పాచి చేరి చుక్క ఆగిపోయింది. అప్పటినుండి సెట్టును రెండు నెలలకు ఒకసారి మారుస్తున్నాను, ఎండ తగలకుండా గొట్టానికి నల్లగుడ్డ చుట్టాను. పరామర్శకు వచ్చినవారు ఎలా ఉన్నారని నన్ను అడుగుతుంటే, ఆయన వాళ్ల వైపు చూడరు, చుక్కల వైపు చూస్తారు. డ్యూటీలో ఉన్న మనిషి!

వదిన అడిగిన ప్రశ్నకు జవాబు పెరట్లో ఉంది. మాకు కరివేపాకు చెట్టు, మునగచెట్టు, రెండు మిరప మొక్కలు ఉన్నాయి. వీటికి తొట్టి రాకముందు కూడా వారానికి బిందెన్నర నీళ్లు పోసేవాళ్లమే. ఇప్పుడు ఆ బిందెన్నర ముందు చేపల దగ్గర ఆగి, తరువాత చెట్ల దగ్గరికి పోతున్నది. కిటికీలోనుండి దిగిన గొట్టం కొన కరివేపాకు పాదులో ఉంది. చేపకు చేటైన నైట్రేటు చెట్టుకు ఎరువు. తొట్టికోసం నేను అదనంగా వాడేది ఆవిరైపోయిన మేరకే, మే నెలలో రోజుకు ఒక చెంబు. వదినను ఇంటికి పిలిచి చూపించాను. ఆమె గొట్టం కొన దగ్గర చెయ్యి పెట్టి, తడి చూసుకొని, కరివేపాకు రెండు రెబ్బలు తుంచుకుంది. ఏమీ అనలేదు.

తరువాత తొట్టి దగ్గరికి వచ్చి అటూ ఇటూ తిరిగే గప్పీ పిల్లలను చూసి, "ఇవి దోమ పిల్లల్ని తింటాయంట గదా?" అంది. తింటాయి. మలేరియా సిబ్బంది బావుల్లో వదిలే గంబూసియా చేపలకు ఇవి దగ్గరి చుట్టాలు. నెలనెలా పిల్లలు పెట్టే జాతి గనుక మా దగ్గర ఎప్పుడూ మిగులుతాయి. నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియక మనమందరం సిమెంటు తొట్లలో నింపి పెట్టుకుంటాము, దోమలకు అవే పుట్టిళ్లు. డజను పిల్లలను సీసాలో పోసి ఇచ్చాను. త్రాగే నీళ్లలో కాక వాడుక నీళ్ల తొట్టిలోనే వేయమని, ఎక్కువైతే హంద్రీలో మాత్రం వదలవద్దని, మన ఏటి చేపలకు అవి పోటీ అవుతాయని చెప్పాను.

"ఏట్లో నీళ్లుంటే గదా వదినా వదిలేది!" అని నవ్వింది. వాకిలి దాటబోతూ మా వారి వైపు తిరిగి, "ఎన్ని అన్నా ఇప్పుడు?" అని అడిగింది. ఆయన వేలు పట్టెమీద ఆడుతూనే ఉంది. మొన్న మళ్లీ వచ్చింది. ఇంకో సీసాడు పిల్లలు కావాలట, ఎమ్మిగనూరులో చెల్లెలి ఇంటికి.